జెర్సీ మీద ఏ పేరు? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ట్రాన్స్ పిల్లలు (పుట్టినప్పుడు అమ్మాయని రాసినా తాము అబ్బాయిలమనీ, అబ్బాయని రాసినా అమ్మాయిలమనీ తెలుసుకున్నవాళ్లు), ఆటల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. పేర్లు, ఊళ్లు తీసేశాం. కొన్ని ఉత్తరాలను కుదించాం. మందుల గురించి రాసినవి డాక్టర్ని ఏమేం అడగాలో తెలియడానికే. వాటిని చూసి మోతాదులు మార్చుకోవద్దు.

ప్రశ్న: నాకు పదహారేళ్లు. ట్రాన్స్ అబ్బాయిని. ఇంట్లో తెలుసు, బయట తెలియదు. దగ్గర్లో ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. రెండుసార్లు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. వెళ్లగానే ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి?

జవాబు: గేటు దగ్గర చెప్పే పనే పెట్టుకోకు. అక్కడ చెప్పాలనుకుంటే ఎవరికైనా కాళ్లు వెనక్కే లాగుతాయి. ముందురోజే ఒక్క మనిషికి ఒక్క మెసేజ్ పంపు. ఆ మనిషి కోచ్ కావచ్చు. క్లబ్బులో పిల్లల భద్రత చూసేవాళ్లు విడిగా ఉంటే వాళ్లయితే ఇంకా నయం. మెసేజ్ ఇంత చాలు: "నా పేరు ఫలానా. ట్రాన్స్ అబ్బాయిని. కాగితాల్లో వేరే పేరుంటుంది, హాజరు మాత్రం ఈ పేరుతోనే పిలవండి. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది ఉందా? ఈ సంగతి మీ దగ్గరే ఉంచండి." హార్మోన్లు, ఆపరేషన్లు, ఒళ్లు ఎలా ఉంటుంది అన్నవి ఒక్క ముక్క కూడా రాయనక్కర్లేదు. ఎవరైనా అడిగితే "అది నేనూ మా డాక్టరూ చూసుకుంటాం" అని మాట మార్చెయ్యి.

వచ్చే జవాబును బట్టి క్లబ్బు సంగతి చాలావరకు తెలిసిపోతుంది. "మాకు అందరూ ఒకటే, భయపడకు" అన్నది మంచి మాటే, కానీ నువ్వడిగిన గది గురించి అందులో ఏమీ లేదు. "గది ఎడమవైపు చివర ఉంటుంది, గడియ సరిగా పడదు, బాగుచేయిస్తాం" అన్నవాళ్లు నీ మెసేజ్ నిజంగా చదివారు.

మొదటిరోజు ఆట బట్టల్లోనే వెళ్లు. మొదలవడానికి పది నిమిషాల ముందు చేరు. అరగంట ముందే వెళ్తే ఖాళీగా నిలబడాలి, అడ్డమైన ప్రశ్నలన్నీ ఆ ఖాళీలోనే వస్తాయి. మొదటి నెల కోన్లు పరిచే పనో, బంతులకు గాలి కొట్టే పనో అడిగి తీసుకో. చేతిలో పని ఉంటే పక్కవాళ్లు ఆ పని గురించే మాట్లాడతారు. జట్లలో పరిచయాలు చాలావరకు అలాగే మొదలవుతాయి. బాగుందో లేదో తేల్చుకోవడానికి నాలుగు సెషన్లు చూడు. ఎవరైనా ఎగతాళి చేస్తే కోచ్ విని కూడా ఊరుకున్నాడా? అప్పుడు నాలుగు దాకా ఆగనక్కర్లేదు.

ప్రశ్న: అండర్-15 వాలీబాల్ జట్టుకు కోచ్‌ని. ఒక ట్రాన్స్ అమ్మాయి చేరుతోంది. మొదటిరోజు జట్టునంతా కూర్చోబెట్టి విషయం చెప్పి, అందరూ ఆదరించాలని కోరదామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: ఆ మీటింగు పెట్టకండి. ఆమె సర్వీస్ ఎలా చేస్తుందో తెలియకముందే ఆమె ఒళ్లు చర్చకు వస్తుంది. ఇక ఆ జట్టులో ఆమె ఎప్పటికీ ఆ మీటింగు అమ్మాయే. తెలియాల్సిన ఒకరిద్దరికి ఆమె ఒప్పుకుంటేనే, ఆమె చెప్పమన్నంత వరకే చెప్పండి. జట్టు మొత్తానికి చెప్పాల్సినవి వేరే ఉన్నాయి, అవి అందరికీ వర్తించేవి: ఎవరికి ఏ పేరు ఇష్టమో ఆ పేరే, ఎవరి ఒంటి మీదా జోకులు లేవు, బట్టలు మార్చుకునే చోట ఫోన్లు బయటికి తీయకూడదు.

మీరు కుస్తీ పట్టాల్సింది భాషతో. తెలుగులో చిక్కు సర్వనామంతో ఆగదు, క్రియ చివర కూర్చుని ఉంటుంది. "నువ్వు బాగా కొట్టావు" అంటే గొడవ లేదు. అదే మాట పక్కవాళ్లతో అనాలంటే "కొట్టాడు", "కొట్టింది"లలో ఒకటి ఎంచుకోవాల్సిందే. "తను" అని తప్పించుకుందామన్నా క్రియ పట్టిస్తుంది. అందుకే మొదటి వారమంతా ఆమె గురించి "వచ్చింది, ఆడింది, అందుకుంది" అని మనసులో నాలుగుసార్లు అనుకుని రండి. ఇంకోటి, అమ్మాయిల్ని కూడా ముద్దుగా "రా" అని పిలిచే కోచ్‌లు చాలామంది ఉన్నారు. "ఇటు రారా, బంతి చూడరా" అంటే మిగతా అమ్మాయిలకు అది ముద్దు. ఈమెకు అది ఇన్నాళ్లూ విదిలించుకోవాలని చూసిన పిలుపు. ఆమె ఒక్కదాన్నే మినహాయించినా తెలిసిపోతుంది కాబట్టి మొత్తం జట్టుకే ఆ అలవాటు మానండి. నోరు జారితే అక్కడే సరిచేసుకోండి: "వచ్చాడు... వచ్చింది, బ్లాక్‌లో నిలబడుతుంది" అని ఆట సాగించండి. రెండు నిమిషాలు క్షమాపణలు చెబితే చివరికి ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

జట్లు విడగొట్టేటప్పుడు "అబ్బాయిలు అటు, అమ్మాయిలు ఇటు" మానేసి ఒకటి-రెండు లెక్కపెట్టించండి, లేదా రంగు బిబ్బులు ఇవ్వండి. నెట్ ఎత్తు పెద్దవాళ్ల పోటీల్లో మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. మీ ప్రాక్టీసులో ఆరోజు నేర్పే దాన్ని బట్టి కట్టండి, ఎవరు ఏ వైపని చూసి కాదు.

గది సంగతికి వస్తే, ఆమెకు దూరంగా ఎక్కడో ఒక గది ఇచ్చేసి సమస్య తీరిందనుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఆటకు ముందు మాటలు, గెలిచాక అరుపులు, ఓడాక మౌనం, ఇవన్నీ జరిగేది డ్రెస్సింగ్ రూములో. ఆమె ఒక్కతే స్టోర్ రూములో బూట్లు కట్టుకుంటూ ఉంటుంది. రెండు పనులు చేయండి. విడి గదిని "ఎవరైనా వాడుకోవచ్చు" అని అందరికీ తెరవండి. ఒళ్లు చూపించుకోవడానికి సిగ్గుపడే పిల్లలు ప్రతి జట్టులో ఉంటారు, వాళ్లూ వెళ్తారు. రెండోది, జట్టుతో మాట్లాడాల్సింది ఏదైనా కోర్టు మీదే మాట్లాడండి. రెండింటికీ ఖర్చు లేదు.

నీళ్లు కూడా గమనించండి. టాయిలెట్‌కు వెళ్లాలంటే భయపడే పిల్లలు పొద్దుట్నుంచీ నీళ్లు మానేసి ఆటకొస్తారు. రెండో సెట్‌కు తలనొప్పి, కండరాల పట్టు వస్తాయి. ఇలా రోజూ చేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లూ వస్తాయి. ఆటకు రెండు మూడు గంటల ముందు అరలీటరు, ఆటలో ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు తాగాలి. కానీ నీళ్లు తాగమని చెప్పే ముందు ఏ టాయిలెట్ వాడొచ్చో చెప్పండి, అది తెలియక తాగరు.

ప్రశ్న: బైండర్ (ఛాతీ చదునుగా కనిపించడానికి వేసుకునే బిగుతు లోదుస్తు) వేసుకుని ప్రాక్టీసు చేయొచ్చా? గంటన్నరే కదా.

జవాబు: వద్దు. బైండర్ పక్కటెముకలను విచ్చుకోనివ్వదు. పరిగెత్తేటప్పుడు ఊపిరికి అవి విచ్చుకోవాల్సిందే. విచ్చుకోకపోతే ఊపిరి పైపైనే ఆగి కళ్లు తిరుగుతాయి, ఒంట్లో వేడి బయటికి పోదు. బైండింగ్ చేసుకునే దాదాపు 1,800 మంది పెద్దవాళ్లను అడిగి 2017లో ప్రచురించిన సర్వేలో 97 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది ఉందన్నారు. వీపు నొప్పి, ఒళ్లు వేడెక్కడం అందులో ముందున్నాయి. వారంలో ఎన్ని రోజులు కట్టుకుంటారన్నదానికీ ఇబ్బందులకూ సంబంధం కనిపించింది. కాబట్టి రోజుకు ఎనిమిది గంటల హద్దు ఒక్కటే చూసుకుంటే చాలదు, వారంలో ఒకటి రెండు రోజులు పూర్తిగా సెలవివ్వాలి.

ఆటకు ఒంటికి పట్టి ఉండే స్పోర్ట్స్ బ్రా ఒకటి (రెండు కాదు), దాని మీద ముదురు రంగు బనియను, ఒక సైజు పెద్ద జెర్సీ వాడు. వేసుకున్నాక చేతులు పైకెత్తి మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చు, ఒకసారి దగ్గు. రెండూ హాయిగా వస్తే సరే. క్రేప్ బ్యాండేజీ, ప్యాకింగ్ టేపు ఎప్పుడూ వద్దు. అవి ఊపిరితో పాటు సాగి మళ్లీ వదులవ్వవు, బిగుస్తూ పోతాయి. పక్కటెముకలో పొడిచినట్టున్నా, చేతులు తిమ్మిరెక్కినా వెంటనే తీసెయ్యి. స్కోరు ఎంతున్నా సరే.

ప్రశ్న: మా పాప ట్రాన్స్ అమ్మాయి, పద్దెనిమిదేళ్లు. ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్), స్పైరోనోలాక్టోన్ (మగ హార్మోన్‌ను అణిచే మందు) మొదలై ఐదు నెలలైంది. ఇంతకుముందు అయిదు కిలోమీటర్లు సునాయాసంగా పరిగెత్తేది. ఇప్పుడు మూడుకే ఆయాసం. బరువులు మాత్రం మునుపట్లాగే ఎత్తుతోంది. కోచ్ బద్ధకం అంటున్నాడు. పాప మానేస్తానంటోంది.

జవాబు: బద్ధకం కాదు, రక్తం. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఎర్ర రక్తకణాల తయారీని పెంచుతుంది. అది తగ్గితే మూడు నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ ఆడవాళ్ల స్థాయికి దిగుతుంది. అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. కండ అంత తొందరగా పోదు. ఏడాది తర్వాత కూడా తొడ కండరం పరిమాణం ఐదు శాతం దాకా తగ్గిందనీ, బలం పెద్దగా మారలేదనీ పరిశోధనల్లో తేలింది. బరువులెత్తే మనిషి పరుగులో ఎందుకు వెనకబడుతోందో కోచ్‌కు అర్థం కాకపోవడానికి కారణం ఈ తేడాయే. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

స్పైరోనోలాక్టోన్ మూత్రాన్ని పెంచే మందు కూడా. నీళ్లు, ఉప్పు పోతాయి. బీపీ తగ్గి, లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్ముతాయి. అయితే పొటాషియం మాత్రం ఒంట్లో నిలిచిపోతుంది. కాబట్టి పొటాషియం ఉన్న సప్లిమెంట్లు, ఉప్పుకు బదులుగా వాడే పొటాషియం ఉప్పులు డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు. ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్ రకం మాత్రలూ అంతే, ఈ మందుతో కలిస్తే కిడ్నీల మీద భారం, పొటాషియం ఇంకా పెరగొచ్చు. ఈసారి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) మూడూ చూపించండి. హిమోగ్లోబిన్ ఆడవాళ్ల స్థాయికన్నా కూడా తక్కువుంటే దాన్ని హార్మోన్ మార్పని వదిలేయకూడదు.

ప్రాక్టీసులో స్టాప్‌వాచ్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టమనండి. పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే ఆరోజు వేగం. పాత రికార్డులన్నీ పాత ఒంటివి. మందులు మొదలైన తేదీ నుంచి కొత్త పుస్తకం తెరిచి, అందులోనే పోల్చుకోవాలి.

టెస్టోస్టెరాన్ మొదలుపెట్టిన అబ్బాయిలకు సమస్య తిరగబడుతుంది. కండ బలం ముందు పెరుగుతుంది, స్నాయువులు (కండను ఎముకకు కట్టి ఉంచేవి) వెనక వస్తాయి. ఉత్సాహం కొద్దీ బరువులు పెంచితే మోకాలి కింద, మడమ వెనక నొప్పులు మొదలవుతాయి. జెల్ వాడేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి: ఒంటికి రాసిన జెల్ రాపిడితో అవతలివాళ్లకు అంటుకుంటుంది. కుస్తీ, కబడ్డీ లాంటి ఆటలుంటే ఆట, స్నానం అయ్యాకే రాసుకుని బట్టతో కప్పాలి. రాసుకున్నాక స్నానానికి ఎన్ని గంటలు ఆగాలో జెల్‌ను బట్టి మారుతుంది, ప్యాకెట్‌లోని కాగితం చూడండి.

ప్రశ్న: ఏ ఆటలో ఈ అబ్బాయి–అమ్మాయి గొడవ తక్కువ? మిక్స్‌డ్ ఆటలైతే మేలేనా?

జవాబు: మిక్స్‌డ్ అనగానే తేలికనుకోవద్దు. బాస్కెట్‌బాల్‌ను పోలిన కోర్ఫ్‌బాల్‌నే తీసుకోండి. జట్టుకు ఎనిమిది మంది, నలుగురు ఆడ, నలుగురు మగ. పైగా తమ జెండర్ ఆటగాణ్నే అడ్డుకోవాలి. అంటే ప్రతి నిమిషం "నువ్వెవరు?" అని ఆటే అడుగుతుంది. మిక్స్‌డ్ డబుల్స్ కూడా అంతే. క్వాడ్‌బాల్‌లో (కాళ్ల మధ్య కర్ర పెట్టుకుని ఆడే ఆట, 2022 దాకా దీని పేరు క్విడిచ్) ఒకే జెండర్ వాళ్లు ఇంతమందికి మించి కోర్టులో ఉండకూడదన్న నియమం ఉంది, కానీ జెండర్ ఏదన్నది ఆటగాడు చెప్పిందే లెక్క. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు క్లైంబింగ్, విలువిద్య, గుంపుగా చేసే పరుగు, సైక్లింగ్ నయం, ఎవరి కొలత వాళ్లదే. ఈత అన్నింటికన్నా కష్టం, బట్టల వల్ల. సరదా ఈతకు పొడుగు చేతుల స్విమ్ షర్టు, వదులు షార్ట్స్ చాలు. పోటీల్లో మాత్రం 2010 నుంచి మగవాళ్ల సూటు నడుము నుంచి మోకాలి వరకే ఉండాలి. నిర్వాహకులతో ముందే మాట్లాడుకోవాలి.

అయినా, ఇష్టంలేని సులువు ఆట కన్నా ఇష్టమైన కష్టం ఆటే పిల్లల్ని నిలబెడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి... అమ్మాయి అనాలి, నోరింకా తిరగట్లేదు... పరుగులో జిల్లా స్థాయి వేగం ఉంది. పెద్ద పోటీలకు పంపొచ్చా? ఆశ పెట్టాలా, వద్దా?

జవాబు: ఉన్నదున్నట్టు చెబుతాం. పురుష యవ్వన దశ దాటాక మారిన అమ్మాయిలకు అంతర్జాతీయ మహిళా అథ్లెటిక్స్ తలుపులు 2023 మార్చి 31 నుంచి మూసుకున్నాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచస్థాయి మహిళా పోటీలకు ఎస్‌ఆర్‌వై జన్యు పరీక్ష (మగవాళ్ల వై క్రోమోజోమ్ మీద ఉండే జన్యువు ఉందో లేదో చూసేది) కూడా పెట్టారు. ఈతలో 2022 జూన్‌లో, సైక్లింగ్‌లో 2023 జులైలో ఇలాంటి నియమాలే వచ్చాయి. ఎవరిని ఆడనివ్వాలో ఏ ఆటకు ఆ సమాఖ్యే తేల్చుకోవాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) 2021 నవంబరులో చెప్పిన తర్వాత వచ్చిన మార్పులివి. నియమాలు ఏడాదికోసారి మారుతున్నాయి కాబట్టి ఏ కాగితం చదివినా ముందు దాని తేదీ చూడండి.

పైన మందుల జవాబులో చెప్పినట్టు బలం నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి న్యాయం ఎటుందన్న ప్రశ్నను బూటకమని కొట్టిపారేయలేం. శిక్షణ పొందిన ట్రాన్స్ క్రీడాకారుల మీద పరిశోధనలు చాలా తక్కువన్నదీ నిజమే. కానీ ఆ చర్చ సమాఖ్యల బల్లల మీద జరగాలి. కాలనీ పరుగులో నెత్తురు కారిన మోకాలితో వచ్చిన పిల్లతో కాదు. స్థానిక పోటీలకు నిర్వాహకులదే నియమం. "ఏ విభాగంలో పరిగెత్తొచ్చు, ఫలితాల్లో ఏ పేరు వేస్తారు?" అని రాతపూర్వకంగా అడిగి, జవాబును ఫోనులో దాచండి. నోటిమాట గీత దగ్గర నిలవదు. ఓపెన్ విభాగం ఉంటే అడగండి. పెద్దయ్యాక గే గేమ్స్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వాళ్లు లాంటివారి కోసం పెట్టిన క్రీడోత్సవం) ఉన్నాయి. 1982లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలై నాలుగేళ్లకోసారి జరుగుతున్నాయి, అర్హత సమయాలు లేవు, ఎవరైనా ఆడొచ్చు.

అబ్బాయిల దారి వేరు. క్రిస్ మోజియర్ 2015లో అమెరికా పురుషుల డ్యుయాథ్లాన్ (పరుగు, సైక్లింగ్ కలిపిన పోటీ) జట్టులో చోటు సంపాదించాడు. స్కైలర్ బెయిలర్ హార్వర్డ్‌లో మొదట మహిళల జట్టుకు ఎంపికై, తర్వాత పురుషుల జట్టులో ఈదాడు. కెనడా ఫుట్‌బాలర్ క్విన్ (అబ్బాయీ అమ్మాయీ కాదనుకునే నాన్‌బైనరీ వ్యక్తి) 2020లో ట్రాన్స్ అని బయటికి చెప్పి, మహిళల జట్టులోనే కొనసాగి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం అందుకున్నారు. హార్మోన్ ముందా, ఆట ముందా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. టెస్టోస్టెరాన్ మొదలైతే మహిళల విభాగం ఉండదని ముందే తెలియాలి.

డోపింగ్ పరీక్షలు జరిగే స్థాయికి వెళ్తే మందుల అనుమతి, అంటే టీయూఈ, కావాలి. టెస్టోస్టెరాన్ నిషేధిత జాబితాలో ఉందని అందరికీ తెలుసు. స్పైరోనోలాక్టోన్ కూడా ఉందని చాలామందికి తెలియదు. ఈస్ట్రోజన్ లేదు. పోటీకి కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. డాక్టరు నివేదిక, హార్మోన్ పరీక్షలు జతచేయాలి. చీటీ మీద ఒక పేరు, క్రీడాకారుల నమోదులో ఇంకో పేరు ఉంటే దరఖాస్తు చిక్కుల్లో పడొచ్చు. రెండు పేర్లూ ఒకే మనిషివని డాక్టరు లెటర్‌హెడ్ మీద ఒక వాక్యం రాయించండి.

ప్రశ్న: జట్టులో నా స్నేహితుడు ట్రాన్స్ అని నాకొక్కడికే చెప్పాడు. మిగతావాళ్లకు నేను చెబితే వాడికి భారం తగ్గుతుంది కదా?

జవాబు: తగ్గదు. చెప్పొద్దు. "ఎవరికైనా చెప్పాలంటే నన్ను తోడు రమ్మంటావా?" అని అడుగు. ఎవరైనా గుసగుసలాడితే "వాడు లెఫ్ట్ వింగ్. ఇంకేం కావాలి?" అను.

ప్రశ్న: ట్రాన్స్ యువత కోసం మేం నలుగురం కలిసి వారానికోసారి ఆటల గంట మొదలుపెడుతున్నాం. ఎక్కడ తప్పులు జరుగుతాయి?

జవాబు: మొదటి తప్పు గంటే. గంట ఆటకు గంటన్నర తీసుకోండి. ఆట అయ్యాక బూట్లు విప్పుకుంటూ కూర్చునే ఆ అరగంట కోసమే సగంమంది వస్తారు. గ్రౌండువాళ్లు లైట్లు ఆర్పేస్తే అది పోతుంది. రోజు, వేళ మార్చకండి. ముగ్గురే వచ్చినా రద్దు చేయకండి. ధైర్యం చేసి మొదటిసారి వచ్చిన వ్యక్తికి తాళం కనిపిస్తే రెండోసారి రారు. ఆరుగురి నుంచి పదహారు మంది దాకా సులువు. అంతకుమించితే రెండు గుంపులు చేయండి. సాయం చేస్తామని వచ్చే స్నేహితులు ఆటగాళ్లకన్నా ఎక్కువైతే పిల్లలకు ఎవరో తమను చూడ్డానికొచ్చినట్టుంటుంది.

నమోదు కాగితంలో రెండు పేర్ల గడులు పెట్టండి: ఇక్కడ పిలవాల్సిన పేరు, ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే వాడాల్సిన పేరు. చీలమండ బెణికి ఇంటికి ఫోన్ చేసినప్పుడు కంగారులో కొత్త పేరు చెబితే, ఇంట్లో తెలియని పిల్లల బతుకు ఆ ఒక్క ఫోనుతో తలకిందులవుతుంది. మీరు చేయగలిగే అతిపెద్ద పొరపాటు ఇదే. ఫోటోలదీ అదే ప్రమాదం. గుంపు ఫోటో అందరూ ఒప్పుకుంటేనే తీయాలి, ముఖాలు లేకుండా బూట్లతో తీసినా బాగుంటుంది. పరుగు గుంపైతే రన్నింగ్ యాప్‌లలో పేరు, బయల్దేరిన చోటు అందరికీ కనిపించకుండా సెట్ చేయించండి.

అందరూ తమ కష్టాలు మీతో చెప్పుకుంటారు. వినండి, కానీ మీరు కౌన్సెలర్లు కాదు. నమ్మకమైన కౌన్సెలర్, డాక్టరు, హెల్ప్‌లైన్ నంబర్లు ఉన్న కార్డు సంచిలో ఉంచుకోండి. లేకపోతే ఆర్నెల్లలో ఆట పోయి ఏడుపులే మిగులుతాయి, తర్వాత నిర్వాహకులూ మిగలరు. మూడు నాలుగు నెలల తర్వాత ఎవరైనా మామూలు క్లబ్బులో చేరతామంటే ఇద్దరు ముగ్గుర్ని కలిపి పంపండి, ఒంటరిగా వద్దు. వాళ్లు మళ్లీ మీ దగ్గరికి ఆడటానికొస్తే ఆపకండి.

సంచిలో రెండు అదనపు వదులు జెర్సీలు, శానిటరీ ప్యాడ్లు, హెయిర్ బ్యాండ్లు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. గ్రౌండు తాళంచెవి మాత్రం తప్పకుండా ఇద్దరి దగ్గర ఉంచండి. ఒక్కరి దగ్గరే ఉంటే, ఆ ఒక్కరికి జ్వరమొచ్చిన వారం గేటు బయట నిలబడేది పిల్లలు.